కనుమ నాడు ఒక్క మాట: ఇంట్లో కృతజ్ఞత చెప్పుకునే ఆచారం ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

సంక్రాంతికి పిల్లలంతా ఊరు చేరాక అందరూ ఒకచోట కూర్చుని, ఈ ఏడాది తమకు ఎవరి వల్ల ఏ మేలు జరిగిందో ఒక్కొక్కరుగా చెప్పుకునే ఇళ్లు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పుడు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. కొందరికి ఇది అమెరికాలో ఉన్న కొడుకో కూతురో తెచ్చిన అలవాటు, అక్కడ నవంబరులో థాంక్స్‌గివింగ్ భోజనం దగ్గర చూసి, మనింట్లోనూ చేద్దాం అన్నారు. కొందరికి చర్చి నుంచి వచ్చింది. ఇంకొందరికి కోవిడ్ తర్వాత, ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చావు అంచుదాకా వెళ్లి వచ్చాక, పండగ నాడు ఆ సంగతి ఎత్తకుండా ఉండలేక మొదలైంది. మొదటి ఏడాది అందరూ ఉత్సాహంగా చెబుతారు, ఎవరో ఒకరు కళ్లు తుడుచుకుంటారు, ఇంకొకరు వీడియో తీస్తారు. రెండో ఏడాది "మళ్లీ అదేనా" అనే గొంతు ఒకటి వినిపిస్తుంది. ఆ తర్వాత కొన్ని ఇళ్లలో చప్పుడు లేకుండా ఆగిపోతుంది, కొన్ని ఇళ్లలో మాత్రం భోగి మంట వేసినంత మామూలుగా సాగిపోతుంది. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే అది మనుషుల మంచితనంలో లేదు. ఆ పద్ధతిని కుదుర్చుకున్న తీరులో ఉంది.

"ఇంట్లో వాళ్లకు ఇవన్నీ చెప్పాలా, వాళ్లకు తెలీదా" అని పెద్దవాళ్లు అనే మాటలో నిజం లేకపోలేదు. మన ఇళ్లలో మేలుకు బదులు మాటతో కాదు, చేతతో ఉంటుంది. కాన్పుకు వచ్చి నెల రోజులు చేసిన పిన్నమ్మకు పండగకు చీర వెళ్తుంది, ఫీజుకు ఆదుకున్న మామయ్య ఇంట్లో పెళ్లి అయితే అల్లుడు వారం ముందే పోయి పందిరి పనులు చూసుకుంటాడు. ఇదంతా కృతజ్ఞతే. కానీ చేత ఒక్కటే ఉన్నచోట ఒక ఇబ్బంది ఉంది. చీర అందుకున్న పిన్నమ్మకు అది తను చేసిన పనికి వచ్చిందా, ఆనవాయితీగా వచ్చిందా తెలియదు. పక్కన ఉన్న పిల్లలకు అసలే తెలియదు, ఆ ఇంటి కోసం ఎవరు ఎంత చేశారన్నది వాళ్ల దాకా చేరకుండానే ఒక తరం వెళ్లిపోతుంది. కాబట్టి మాట కూడా కావాలి. ఆ మాటను నలుగురిలో ఎలా చెప్పాలి అన్నదానికి ఈ రెండు జిల్లాలు ఎక్కడికో వెళ్లి నేర్చుకోనక్కరలేదు, ఇక్కడే బలమైన నమూనాలు ఉన్నాయి.

రొట్టె నేర్పే పద్ధతి

నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండగ అన్నిటికంటే స్పష్టమైన నమూనా. పన్నెండు మంది అమరుల సమాధులు ఉన్న చోటు అది. మొహర్రం చాంద్రమాన కేలెండరు ప్రకారం వెనక్కి జరుగుతూ ఉంటుంది కాబట్టి ఒక్కో కాలంలో ఒక్కో నెలలో వస్తుంది, ఈ మధ్య సంవత్సరాల్లో జులైలో పడింది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కూడా జనం వస్తారు, కులమతాల లెక్క లేదు, హిందువుల ఇళ్లలో రొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టుకుని కుటుంబమంతా చెరువుకు బయలుదేరడం నెల్లూరులో కొత్తగా చూసే సంగతే కాదు.

పద్ధతి చూడండి. కోరిక ఉన్న మనిషి చెరువు నీళ్లలో దిగి, అదే కోరిక పోయిన ఏడాది తీరిన మనిషి దగ్గర రొట్టె తీసుకుంటాడు. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంత ఇంటి రొట్టె, చివరికి విదేశాలకు వెళ్లేవాళ్ల కోసం వీసా రొట్టె కూడా ఉంది. తీసుకున్న కోరిక తీరితే మరుసటి ఏడాది తను రొట్టె తెచ్చి, అదే కోరికతో వచ్చిన ఇంకొకరికి ఇవ్వాలి. ఇది నమ్మకానికి సంబంధించిన విషయం, నమ్మడం నమ్మకపోవడం ఎవరిష్టం వాళ్లది. ఆ నమ్మకం పక్కన పెట్టి, కృతజ్ఞత చెప్పే పద్ధతిగా మాత్రమే చూసినా దీనిలో ఉన్న తెలివి ఆశ్చర్యం కలిగిస్తుంది.

మొదటిది, ఇక్కడ పేరు లేని రొట్టె చెల్లదు. "అంతా బాగుంది, దేవుడి దయ" అని ఇచ్చే రొట్టె ఎవరికీ పనికిరాదు, అవతల నిలబడ్డ మనిషి "ఏ రొట్టెమ్మా?" అని అడుగుతాడు, అప్పుడు ఆమె "ఆరోగ్య రొట్టె, మా ఆయనకు గుండె ఆపరేషన్ అయింది" అనో "ఉద్యోగ రొట్టె, మా అబ్బాయికి" అనో చెప్పాల్సిందే. అంటే తనకు ఏం మేలు జరిగిందో నోరు తెరిచి, ముఖం తెలియని మనిషి ముందు, నలుగురూ వింటుండగా ఒప్పుకోవడం ఆ పద్ధతిలోనే ఉంది. రెండోది, ఇచ్చిన మనిషికి తిరిగి ఇవ్వడం ఇక్కడ లేదు. పోయిన ఏడాది రొట్టె ఇచ్చిన మనిషి ఈ ఏడాది ఎక్కడుందో తెలియదు, వెతకనక్కరలేదు కూడా. బాకీ వెనక్కి వెళ్లదు, తనలాగే కష్టంలో ఉన్న ఇంకో మనిషి వైపు ముందుకు వెళ్తుంది. దీనివల్ల ఇచ్చినవాళ్లకు గొప్ప చూపించుకునే అవకాశం ఉండదు, తీసుకున్నవాళ్లకు తల వంచుకునే అవసరం ఉండదు. మూడోది, తీరని వాళ్లను ఎవరూ ప్రశ్నించరు. కోరిక తీరకపోతే మళ్లీ వచ్చి మళ్లీ రొట్టె తీసుకుంటారు, అంతే, పక్కవాళ్లకు తీరి తనకు ఎందుకు తీరలేదో వివరం చెప్పుకోనక్కరలేదు.

ఈ పండగ ఎలా పుట్టిందన్న దానికి స్థానికంగా చెప్పుకునే కథ కూడా కృతజ్ఞత కథే. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేస్తే ఈ సమాధుల దగ్గరి మట్టితో నయమైందని, ఆ కృతజ్ఞతతో నవాబు ఇక్కడికి వచ్చాడని చెబుతారు. కథలో చిన్న చిన్న తేడాలు ఉంటాయి, సారం ఒకటే: మేలు పొందినవాడు, నవాబైనా సరే, మేలు జరిగిన చోటికి తనే నడిచి రావాలి.

పంట ఇంటికి రాకముందే వచ్చే పండగ

సంక్రాంతి అంటే కొత్త ధాన్యం ఇంటికి వచ్చే పండగ అని పుస్తకాల్లో చదువుతాం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఖరీఫ్ వరి కోసి నూర్చాక వచ్చే పండగకు ఆ మాట సరిపోతుంది. నెల్లూరు జిల్లాలో లెక్క వేరు. ఇక్కడి పెద్ద పంట ఈశాన్య రుతుపవనాల మీద, సోమశిల జలాశయం నుంచి వచ్చే పెన్నా నీళ్ల మీద ఆధారపడిన రబీ వరి. అక్టోబరు, నవంబరు నెలల్లో నారు పోసి, ఆ తర్వాత నాట్లు వేసి, ఫిబ్రవరి చివర, మార్చి నెలల్లో కోస్తారు. వేసవి మొదట్లో వేసే ఎడగారు పంట ఇంకో కథ. అంటే సంక్రాంతి నాటికి నెల్లూరు రైతు పొలంలో వరి ఇంకా పచ్చగా నిలబడి ఉంటుంది, పెట్టుబడి అంతా మట్టిలో ఉంటుంది, తుపాను భయం దాటినా ధర ఎంత పలుకుతుందో తెలియదు. ప్రకాశంలో పొగాకు రైతు పరిస్థితీ దాదాపు అంతే, పండగ నాటికి ఆకు ఇంకా కోతలోనో, దాన్ని ఆరబెట్టే బ్యారన్‌లోనో ఉంటుంది, ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో బేళ్లు అమ్మితే గానీ ఆ ఏడాది లాభమో నష్టమో తేలదు.

ఇది చిన్న తేడాగా కనిపిస్తుంది గానీ కృతజ్ఞత విషయంలో చాలా పెద్దది. చేతికొచ్చిన ఫలితం చూసి సంతోషంతో చెప్పే మాట ఒకటి, ఫలితం తేలకముందే ఇంతవరకూ చేసిన పనికి చెప్పే మాట ఇంకొకటి. ఈ జిల్లాల్లో పండగ నాటికి చేతిలో ఉన్నది రెండోదే. దుక్కి దున్నిన ఎద్దు, నాట్లు వేసిన ఆడవాళ్లు, రాత్రిపూట కాలవ దగ్గర కాపలా ఉండి నీళ్లు మళ్లించిన తమ్ముడు, వీళ్ల పని అయిపోయింది, ఫలితం మాత్రం రాలేదు. అయినా కనుమ నాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, పసుపు కుంకుమ పెట్టి, పొంగలి తినిపిస్తారు. ఎద్దుకు చెప్పే కృతజ్ఞత దిగుబడి ఎన్ని పుట్లు అన్నదాన్ని బట్టి ఉండదు.

ఒంగోలు గిత్త పుట్టిన నేల ఇది. ఆ జాతి సముద్రం దాటి బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ పేరుతో లెక్కలేనంతగా పెరిగింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడక ముందు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరు అలా నిలిచిపోయింది. అక్కడ అంత పెరిగినా, ఇక్కడి ఊళ్లలో మాత్రం చాలా ఇళ్ల ముందు గిత్తలు కట్టే గుంజలు ఖాళీ, దుక్కి ట్రాక్టరుకు పోయింది, కోత మిషనుకు పోయింది. మరి పశువు లేని ఇంట్లో కనుమ ఏమైంది? చాలా చోట్ల మినపగారెలు, మాంసం కూర, టీవీ మిగిలాయి. తిండిలో తప్పేమీ లేదు, కనుమ నాడు మినుము తినాలన్నది పాత మాటే. పోయింది ఏమిటంటే కృతజ్ఞత చూపించడానికి ఎదురుగా ఉండాల్సిన ప్రాణి. ఎదురుగా ఎవరూ లేని కృతజ్ఞత గాల్లో తేలిపోతుంది. పశువు పోయిన చోట మనిషిని కూర్చోబెట్టుకోవడం, అంటే ఈ ఏడాది ఈ ఇంటి బరువు ఎవరు మోశారో వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడం, కనుమ అసలు ఉద్దేశానికి దూరమేమీ కాదు, నిజానికి అదే సహజమైన తర్వాతి అడుగు.

సాక్ష్యం చెప్పే ఇళ్లు

క్రైస్తవ కుటుంబాలకు ఈ పని బాగా అలవాటు. ఈ ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో మొదలైంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూవెట్ దంపతులు, కొద్దిమంది నెల్లూరు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఆ కొండకు ప్రేయర్ మీటింగ్ హిల్ అన్న పేరు దాని వల్లే వచ్చింది. ఏడాది మారే వేళ ప్రార్థనలో గడపడం ఇప్పటికీ డిసెంబరు 31 రాత్రి ఆరాధనల్లో ఉంది, ఆ రాత్రి చర్చిలోనూ, అంతకు ముందో తర్వాతో ఇళ్లలో పెట్టుకునే కృతజ్ఞతా కూడికల్లోనూ లేచి నిలబడి సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలు, నలుగురిలో చెబుతారు.

సాక్ష్యంలో రెండు రకాలు ఎవరికైనా వెంటనే తెలిసిపోతాయి. ఒకటి, "గత సంవత్సరమంతా కాచి కాపాడిన దేవునికి స్తోత్రం" అని మొదలై అక్కడే ముగిసేది. దానిలో భక్తికి లోటు లేదు, కానీ వినేవాళ్లకు ఏమీ అందదు. రెండోది, "జూన్‌లో మా చిన్నోడికి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే అర్ధరాత్రి రక్తం ఇవ్వడానికి వెనక వీధి నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు" అని చెప్పేది. రెండోది చెప్పినప్పుడు గదిలో మాటలు ఆగిపోతాయి, పిల్లలు తలెత్తి చూస్తారు, ఆ ఇద్దరు పిల్లలూ అక్కడే కూర్చుని ఉంటే వాళ్ల ముఖాలు చూడాలి. దేవుడికి చెప్పిన కృతజ్ఞత అక్కడ మనుషుల మీదుగా వెళ్లింది. ఏళ్లతరబడి సాక్ష్యాలు వింటూ పెరిగిన కుటుంబాల్లో చాలామంది నలుగురిలో మాట్లాడటానికి జంకరు, తమ కష్టం గురించి సిగ్గుపడకుండా చెప్పగలరు, ఈ అలవాటు ఇచ్చే లాభం కూడా తక్కువది కాదు.

పరిశోధన ఏం చెబుతోంది

అమెరికా థాంక్స్‌గివింగ్ సంగతి క్లుప్తంగా. 1863లో, అంతర్యుద్ధం నడుస్తుండగా అబ్రహాం లింకన్ జాతీయ కృతజ్ఞతా దినం ప్రకటించాడు, 1941లో అక్కడి చట్టసభ కాంగ్రెస్ నవంబరు నాలుగో గురువారాన్ని చట్టంతో ఖాయం చేసింది. భోజనం బల్ల చుట్టూ ఒక్కొక్కరు తాము దేనికి కృతజ్ఞులమో చెప్పడం చాలా కుటుంబాల్లో ఆ రోజు అలవాటు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు తెచ్చింది ఈ ముక్కనే.

కృతజ్ఞత మీద శాస్త్రీయంగా చేసిన పనుల్లో 2003లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా ప్రచురించింది అందరూ చెప్పుకునేది. కొందరిని వారానికొకసారి తాము కృతజ్ఞతగా భావించే విషయాలు, కొందరిని చిరాకు పెట్టిన విషయాలు, ఇంకొందరిని మామూలు సంఘటనలు పది వారాల పాటు రాయమన్నారు. కృతజ్ఞత రాసినవాళ్లు తమ జీవితం మెరుగ్గా ఉందని, వచ్చే వారం బాగుంటుందని ఎక్కువగా అనుకున్నారు. సోన్యా లుబొమిర్‌స్కీ బృందం ఇంకో ముఖ్యమైన సంగతి చూసింది, వారానికి ఒకసారి రాసినవాళ్లకు మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. ఎక్కువైతే అలవాటుగా మారి అరిగిపోతుంది. ఆ లెక్కన ఏడాదికి ఒకసారి పండగకు మాత్రమే చేయడం లోపం కాదు, అరగకుండా కాపాడే ఏర్పాటు.

మన ఇళ్లకు ఇంకా దగ్గరగా వచ్చేది 2018లో అమిత్ కుమార్, నికలస్ ఎప్లీ చేసిన పని. ఎవరికైనా కృతజ్ఞతతో ఉత్తరం రాయమని కొందరిని అడిగి, అది అందుకున్నవాళ్లకు ఎలా అనిపిస్తుందో ముందే ఊహించమన్నారు. రాసినవాళ్లు అవతలివాళ్లకు ఇబ్బందిగా ఉంటుందేమో అని ఎక్కువగా అనుకున్నారు, వాళ్లు ఎంత సంతోషిస్తారో మాత్రం తక్కువగా ఊహించారు. "మా అత్తమ్మకు ఇలా ఎదురుగా చెబితే నాటకంలా ఉంటుంది" అని ఆగిపోయే కోడలి టెన్షన్ అక్షరాలా ఇదే. నాటకంలా అనిపించేది చెప్పేవాళ్లకే, వినేవాళ్లకు కాదు.

అదే 2018లో సైమియన్ ఫ్లాయిడ్ బృందం ఐదు ఖండాల్లోని ఎనిమిది భాషలవాళ్ల ఇంటి మాటలు రికార్డు చేసి చూస్తే, అడిగిన సాయం చేసినప్పుడు కృతజ్ఞత పైకి చెప్పింది దాదాపు ఇరవైలో ఒక్కసారి. అంటే నీళ్లు ఇవ్వమంటే ఇచ్చినందుకు ఎవరూ ఎక్కడా పెద్దగా ఏమీ చెప్పరు, ఇంట్లో సాయం అన్నది అడగ్గానే జరిగిపోతుందన్న నమ్మకం మీద నడుస్తుంది. కాబట్టి మన ఇళ్లలో రోజూ చెప్పకపోవడాన్ని లోపంగా చూసి పిల్లలకు ప్రతిదానికీ థాంక్స్ నేర్పడం అంత అవసరమైన పని కాదు. రోజువారీ నిశ్శబ్దం సరే. ఏడాదంతా కూడిపోయిన పెద్ద మేళ్లకు ఒక రోజు కేటాయించకపోతే మాత్రం అవి మాట లేకుండానే పోతాయి.

భోజనం దగ్గర వద్దు

అమెరికా నుంచి తెచ్చిన నమూనాను ఉన్నది ఉన్నట్టు పెడితే నెల్లూరు ఇంట్లో ఎందుకు కుదరదో మొదటి పండగలోనే తెలుస్తుంది. అక్కడ అందరూ ఒకే బల్ల చుట్టూ ఒకేసారి కూర్చుంటారు. ఇక్కడ పాతిక మంది ఉన్న పండగ ఇంట్లో బంతులు బంతులుగా తింటారు, ముందు పిల్లలు, మగవాళ్లు, చివర్లో వడ్డించినవాళ్లు. మొదటి బంతిలో కూర్చున్న పెదనాన్న "మన ఇంటి ఆడవాళ్లకు కృతజ్ఞతలు" అంటున్న సమయానికి ఆ ఆడవాళ్లు లోపల నూనె బాణలి ముందు గారెలు వేస్తూ ఉంటారు. మాట ఎవరికి చెందాలో వాళ్ల చెవిన పడకుండానే అయిపోతుంది, తెల్లవారి నాలుగుకు లేచిన మనిషికి అది కృతజ్ఞతలా కాక ఇంకో వడ్డనలా అనిపిస్తుంది. దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. ఈ ఆచారం ఆగిపోయిన ఇళ్లలో ఆరా తీస్తే మొదటి అయిష్టం వంటింటి వైపు నుంచే వచ్చి ఉంటే ఆశ్చర్యం లేదు, అది న్యాయమైన అయిష్టం కూడా.

అందుకే కనుమ రాత్రి, అందరి భోజనాలూ అయ్యాక, అంట్లు కూడా మగపిల్లలు సర్దేశాక, మిద్దె మీద చాపలు పరిచి కూర్చోవడం మంచిది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ప్రయాణాలు పెట్టుకోరు కాబట్టి మనిషి తగ్గడు. భోగి రోజు సగం మంది ఇంకా బస్సుల్లో, రైళ్లలో ఉంటారు. సంక్రాంతి రోజు పెద్దలకు బట్టలు పెట్టుకోవడం, పొంగలి, బంధువుల రాకపోకలతోనే సరిపోతుంది. ముక్కనుమకు హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వెళ్లేవాళ్లు బ్యాగులు సర్దుతూ ఉంటారు.

ఎవరు మొదలుపెట్టాలన్నది తర్వాతి చిక్కు. చిన్నవాళ్లతో మొదలుపెడితే అది పెద్దలకు అప్పజెప్పే పాఠంలా తయారవుతుంది, "అమ్మానాన్నలకు థాంక్స్" అని పదిమంది పిల్లలు పదిసార్లు చెబుతారు. మన ఇళ్లలో కింది నుంచి పైకి గౌరవం చూపించడానికి పాదాలకు దండం పెట్టడం ఎలాగూ ఉంది. లేనిది పై నుంచి కిందికి. అత్తగారు కోడలికి, తండ్రి కొడుక్కి, అన్న తమ్ముడికి నలుగురిలో చెప్పే మాటకు చోటు లేదు, ఆశీర్వాదం ఉంది గానీ అది జరిగిన మేలు గురించి కాదు, జరగబోయే శుభం గురించి. అందుకని ఇంట్లో పెద్దవాళ్లే ముందు చెప్పాలి, అదీ తమకంటే చిన్నవాళ్లకు చెప్పాలి. "అమ్మాయ్, నాకు కంటి ఆపరేషన్ అయినప్పుడు పూటపూటకీ చుక్కలు వేసింది నువ్వు, నా కొడుక్కి ఏ మందు ఎప్పుడో కూడా తెలీదు" అని డెబ్బై ఏళ్ల అత్తగారు అన్నాక ఆ ఇంట్లో ఎవరికీ మొహమాటం మిగలదు. ఆ కోడలు పదేళ్ల తర్వాత కూడా ఆ మాటను మర్చిపోదు.

చెప్పే మాటలో ఒక మనిషి పేరు, ఒక పని ఉండాలి, రొట్టెకు పేరు ఉన్నట్టే. ఇంకో జాగ్రత్త, మేలు పొందినవాళ్లే మాట్లాడాలి, చేసినవాళ్లు మాట్లాడకూడదు. ఉమ్మడి కుటుంబాల్లో ఈ హద్దు దాటితే నిమిషంలో మాట పాత బాకీల వైపు మళ్లుతుంది, "నిన్ను చదివించింది ఎవరనుకున్నావ్" అన్న ఒక్క వాక్యం చాలు, పండగ అక్కడితో సరి. చేసినవాళ్లు తాము చేసింది గుర్తు చేయడం మొదలుపెడితే వినేవాళ్లకు అది వసూలులా ఉంటుంది. కొలత కూడా వద్దు, ఎవరికి ఎన్ని మాటలు వచ్చాయి, నా పేరు ఎవరూ ఎత్తలేదేం అన్న లెక్క మొదలవకుండా ఇంట్లో కాస్త పెద్ద మనసున్న ఒకరు ముందే చూసుకోవాలి, ఎవరి పేరూ రాని మనిషి ఉంటే ఆ మనిషి పేరు తనే ఎత్తాలి.

చెప్పడానికి ఏమీ లేదన్నవాళ్లను వదిలేయాలి. ఉద్యోగం పోయినవాడు, పంట పోయినవాడు, పెళ్లి కుదిరి తప్పిపోయిన అమ్మాయి, వీళ్లను "నీకూ ఏదో ఒక మంచి జరిగే ఉంటుంది, ఆలోచించు" అని ఒత్తిడి చేయడం క్రూరత్వమే. స్వర్ణాల చెరువులో కోరిక తీరని మనిషిని ఎవరూ ఎందుకని అడగరు. ఇంట్లోనూ అంతే మర్యాద ఉండాలి, ఊరికే కూర్చుని విన్నా చాలు. ఇంట్లో మరణం జరిగిన ఏడాది పండగే చేసుకోరు కాబట్టి ఆ సంవత్సరం ఈ ప్రశ్న రాదు. మరుసటి ఏడాది పెద్దలకు బట్టలు పెట్టుకునేటప్పుడు, పటం ముందు కొబ్బరికాయ కొట్టి లేచిపోకుండా, ఆయన ఈ ఇంటికి చేసిన ఒక పనిని మనవళ్లకు చెబితే, అప్పటిదాకా పటంలో ఉన్న తాత వాళ్లకు మనిషిగా తెలుస్తాడు. బావి తవ్వించాడా, చెల్లెళ్ల పెళ్లిళ్లయ్యే దాకా తన పెళ్లి ఆపుకున్నాడా, ఊళ్లో బడి లేకపోతే కావలి దాకా సైకిలు తొక్కాడా, అలాంటిది ఒకటి.

ఇంటి బయట మనుషుల విషయంలో మాత్రం మాట చివర్లో రావాలి. పొలంలో నాట్లు వేసినవాళ్ల కూలి, ఇంట్లో పనిచేసే ఆమె జీతం, పండగ మామూలు, సెలవు, ఇవి ముందు తేలాలి. ఒకప్పుడు కళ్లం దగ్గర చాకలికి, మంగలికి, ఇతర వృత్తులవాళ్లకు ధాన్యంలో మేర ఇచ్చేవాళ్లు, దాన్ని ఇచ్చేవాళ్ల దయగా చెప్పుకోవడం ఇప్పటికీ వింటాం, అది వాళ్ల ఏడాది శ్రమకు రావలసిన వాటా. బాకీ పెట్టుకుని కనుమ రాత్రి మిద్దె మీద వాళ్ల పేరు తలుచుకోవడం వల్ల ఆ ఇంటివాళ్లకు మనసు తేలిక కావచ్చు గానీ, ఆ పేరుగల మనిషికి ఒరిగేదేమీ లేదు. లెక్క తేలాక, పండగ పిండివంటలు ఇవ్వడానికి వెళ్లినప్పుడో, ఆమె మళ్లీ పనికి వచ్చిన రోజునో ఎదురుగా చెప్పే మాటకు అప్పుడు విలువ ఉంటుంది.

ఇక రాలేకపోయిన పిల్లలు. కనుమ రాత్రి నెల్లూరులో ఎనిమిది గంటలంటే అమెరికా తూర్పు తీరంలో ఉదయం తొమ్మిదిన్నర, పడమటి తీరంలో ఆరున్నర. వాళ్లకది పనిరోజు కావచ్చు. వాళ్ల వంతు అందరికంటే ముందు పెట్టాలి, ఫోన్ స్పీకర్‌లో ఉంచాలి. సాధారణంగా ఈ ఫోన్లలో ఇంట్లోవాళ్లే వాళ్లకు కృతజ్ఞత చెబుతారు, పంపిన డబ్బుకు, తెచ్చిన బీపీ మిషనుకు. తిరగబడాల్సింది అక్కడే. తండ్రి డయాలసిస్‌కు వారానికి రెండుసార్లు ఊరి నుంచి నెల్లూరు దాకా ఆయన్ని తీసుకెళ్లిన అన్న ఒకడు ఈ ఇంట్లో ఉన్నాడు, దానికోసం అతను వదులుకున్న పనిదినాలు ఉన్నాయి, వదిన ఒక్కతే నడుపుకున్న కొట్టు ఉంది. "అన్నా, నేను డబ్బు పంపాను, నాన్నను మోసింది మాత్రం నువ్వూ వదినా" అని దూరంగా ఉన్న చెల్లెలు చెప్పాలి. ఆ మాట ఫోన్‌లో విడిగా చెబితే అన్న ఒక్కడికే తెలుస్తుంది. స్పీకర్‌లో చెబితే వదిన వింటుంది, వాళ్ల పిల్లలు వింటారు, పక్కన కుర్చీలో కూర్చున్న నాన్న కూడా వింటాడు.